ఉప్పువాగు గేటు

"వచ్చెనమ్మో వాగు నీళ్లు, పువ్వు పెట్టు పిడికెడు,
పోయెనమ్మో..."

తర్వాత ఇంకేదో ఉంది. చిన్నప్పుడు ఎర్రమ్మకు మొత్తం వచ్చు. ఇప్పుడు రెండో వరుస దగ్గరే ఆగిపోతుంది. రోజూ పొద్దున్నే ఆ సగం పాట గొణుక్కుంటూ రైలు గేటు దాకా నడిచి, గేటు గది గోడ మీద రాసింది చదువుతుంది. "నీళ్లు పొద్దున 7-10. మళ్లీ రాత్రి 7-35." గేట్‌మన్ జంపయ్య సుద్దముక్కతో రాసిపెడతాడు.

సముద్రం ఎక్కడో కృష్ణా జిల్లా అవతల ఉంది. అయినా ఈ అడవిలో ఉప్పువాగు రోజుకు రెండుసార్లు పొంగి రెండుసార్లు తగ్గుతుంది. ఊళ్లో పశువులకు వేరే ఉప్పు పెట్టరు.

బొగ్గు కోసం లైను వేసిన రోజుల్లో ఇంజనీర్లు మధ్యాహ్నం వచ్చి చూశారు. అడుగు రాళ్లు తేలి ఉన్నాయి. నీళ్లొచ్చే యాళ్లకు చూడుర్రి సార్ అని పెద్దలు చెప్పినా వినక, బ్రిడ్జిని మనిషెత్తున కట్టారు. మొదటి బొగ్గు బండి చక్రాలు మునిగి బ్రిడ్జి మీదే నిలబడింది. బ్రిడ్జిని ఎత్తు పెంచలేదు గాని, బండి టైమును నీళ్లను బట్టి మార్చారు. ఆ టైం చెప్పడం గేట్‌మన్ పని అయింది. జంపయ్యకు నీళ్లు బయల్దేరేముందు ఎడమ మోకాలు గుంజుతుంది. దాన్ని బట్టే టైం రాస్తాడు.

అరవై దాటాక ఎర్రమ్మ అక్షరాలు నేర్చింది ఆ గోడ దగ్గరే. మొదట 'నీళ్లు', తర్వాత అంకెలు. తొమ్మిదిని ఎడమకు తిప్పి రాస్తే, "గిట్ల రాస్తే బండి ఎనక్కి పోతది వదినా" అని జంపయ్య ఆటపట్టించేవాడు.

ఈ మార్చిలో గేటు తీసేసి పట్టాల కింద దారి తవ్వుతామని రైల్వే నుంచి కబురొచ్చింది. కింద దారి అయితే రోజుకు రెండుసార్లు మునుగుతుంది. దవాఖానా, సంత రెండూ అవతలి వైపే.

సర్వేకి భాస్కర్ సారు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. బూట్లు తడవకుండా వాగు దాటి వెనక్కి వచ్చి, నీళ్లేవని అడిగాడు. సాయంత్రం దాకా ఉండమంటే సత్తుపల్లిలో మీటింగ్ ఉందన్నాడు. జంపయ్య మోకాలు తడిమి చూసుకుని, ఇప్పట్లో రావన్నట్టు తలూపాడు.

ఎర్రమ్మ కొంగులో ఆ ఏడాది తొలి ఇప్పపువ్వు ఉంది. వాగుకు పిడికెడు పెట్టనిదే ఊళ్లో ఎవరూ నోట్లో వేసుకోరు. నీళ్లొచ్చాకే పెట్టాలి, ఉత్త రాళ్ల మీద పెట్టరు. సారుకు తొందరుంది కదా అని ఆమె పిడికెడు రాళ్ల మీదే పోసి పాట ఎత్తుకుంది. ఎప్పటిలాగే సగంలో ఆగింది. ఆగిన చోట నీళ్ల చప్పుడు మొదలైంది.

నీళ్లు పువ్వును లేపుకుని జీపు చక్రాల దాకా వచ్చి నిలబడ్డాయి. భాస్కర్ సారు బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, తడిసిన కాగితం మీద గేటు ఉండాలని రాశాడు. ఎర్రమ్మ కొంగు చాపి, "ఇప్పుడు తినొచ్చు సార్" అంది. ఆయన రెండు పువ్వులు తీసుకున్నాడు.

జంపయ్య మోకాలు మాత్రం ఆ రోజు గుంజలేదు. మరునాడూ గుంజలేదు. గోడ మీద టైం రాయలేక, బండిని అవతలి స్టేషన్‌లోనే ఆపించాడు. మూడో రోజు పొద్దున ఎర్రమ్మ పాట గొణుక్కుంటూ గేటు దగ్గరికి వచ్చింది. పాట ఆగిన చోట వాగు కదిలింది. ఇద్దరూ చూశారు.

నెలాఖరున జంపయ్య రిటైరయ్యాడు. ఖానాపురం హవేలి అనే ఊళ్లో కూతురు శ్రావణి ఇంటికి వెళ్లిపోవడానికి ఆటో వచ్చి నిలబడింది. వచ్చే గేట్‌మన్ కొత్తవాడు, ఈ వాగు ఎరగడు. జంపయ్య తువ్వాలతో గోడ తుడిచి, మిగిలిన సుద్దముక్క ఎర్రమ్మ చేతిలో పెట్టాడు.

"ఇగ నువ్వు రాయి వదినా. తొమ్మిది మాత్రం సక్కగ రాయి."