పగటి దూప

మిరపకాయల తొడిమెలు తీస్తూనే ఉంది అండాళు. ఘాటుకు దూపై, గొంతు ఎండిపోయి నాలుక అంగిట్లో అతుక్కుంటోంది. చేతికందే దూరంలోనే కూజా. ముట్టలేదు.

తాగితే పోవాలి. పోవాలంటే ఇంటి ముందరి గదిలో ఉన్న మిర్చి దుకాణంలోంచే పోవాలి. మరుగుదొడ్డి సందు చివర ఉంది, ఇంటికి వేరే దర్వాజ లేదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఒకసారి పట్టపగలు చెంబు పట్టుకుని అట్లాగే నడిచింది. ఆ పూట ఏదో బేరం చెడింది. "గిరాకీ మొఖం ముంగటికెల్లి చెంబు తీస్కపోతదా? మేం కోడండ్లం గాలేదా, పొద్దుమీకేదాక ఆపుకోలేదా?" అంది అత్త లక్ష్మీనర్సమ్మ. "నీళ్లు తక్కువ తాగరాదే, అయిపాయె" అని నవ్వాడు మొగుడు వెంకట్రాజం. అంత తేలిగ్గా! అప్పటినుంచి ఆమె పగలు నీళ్లు మానేసింది. నడుం నొప్పంటే మొగుడు దుకాణంలో పెట్టుకున్న సీసాలోంచి నొప్పుల గోలీ తీసిచ్చేవాడు. నొప్పి అణిగేది, పని సాగేది. కాళ్లు వాచి చెప్పులు పట్టకపోతే "కొత్త చెప్పులకు ఏషాలు" అంది అత్త. మొఖం కూడా వాచాక, నిన్న తనే దవాఖానకు పోయింది.

"ఒంట్ల నీళ్లు తగ్గితె, నెత్తురు నరాలు బిగబట్టుమని హార్మోన్లు హుకుం జేస్తయమ్మా" అంది డాక్టరమ్మ. "కిడ్నీకి నెత్తురు తగ్గుతది. కని అది ఊకోదు. తనకు తానె ఒక రసం తయారు జేసుకొని, తన నరాన్ని జర తెరిచి పెట్టుకుంటది. నువ్వు మింగే గోలీ ఆ రసాన్నే బంద్ చేస్తాంది. గోలీ మానెయ్, నీళ్లు తాగు. లేకుంటె కిడ్నీలు దక్కయి."

ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. లోపలున్న పిడికెడు మాంసం హుకుంకు ఎదురు నిలబడింది. తను నిలబడలేదు. పైగా అది తెరిచిన దారిని, మొగుడి చేతి గోలీతో రోజూ తనే మూసింది.

రాత్రి చెప్తే వెంకట్రాజం ఆవులించాడు. "డాక్టర్లు అట్లనే బెదిరిస్తరు. కారం పని ఎల్లనియ్యి, సూద్దాం."

ఇప్పుడు మళ్లీ వచ్చి గోలీ చేతిలో పెట్టాడు. "ఏస్కో. పని ఆగొద్దు" అని దుకాణంలోకి పోయాడు.

అండాళు గోలీని తొడిమెల కుప్పలో పడేసింది. కూజా ఎత్తి గటగటా తాగింది. మళ్లీ తాగింది. కాసేపటికి లేచి, చెంబు నిండా నీళ్లు ముంచుకుంది.

"ఏమే, గిప్పుడా? గిరాకీలున్నరు!" అత్త కేక వేసింది. దుకాణంలో నెక్కొండ నుంచి వచ్చిన గిరాకీలు బేరం ఆపి చూశారు. వెంకట్రాజం తక్కెడ వదిలి అడ్డం వచ్చాడు. ఆమె ఆగలేదు. అతనే పక్కకు జరిగాడు.

చెంబును కొంగు చాటున దాచకుండా, అండాళు అందరి ముందు నుంచి నడిచి మిట్టమధ్యాహ్నపు ఎండలోకి దిగింది.