సామ్రాజ్యం గారి నీలం బంతి

నేను ఒక బంతిని. అలాగని పిల్లలు గోడకేసి కొట్టే రకం కాదు. నిండా గాలి కొడితే మనిషి మోకాలు దాటి ఎత్తుంటాను, ఒళ్ళంతా నీలం. హైదరాబాదు శివార్లలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో వేడివేడిగా పుట్టి, మడతలు పడి అట్టపెట్టెలో చేరాను. ఆ పెట్టె మీది బొమ్మలో ఒక అమ్మాయి నామీద కూర్చుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతుంటుంది. నొప్పితో నన్ను కొనుక్కునేవాళ్ళెవరూ మొదట్లో అలా నవ్వరని తర్వాత తెలిసింది.

తెనాలిలో ఆటవస్తువుల కొట్టాయన నాకు గాలి నింపి గుమ్మానికి వేలాడదీశాడు. వచ్చేపోయే ప్రతివాడూ ఒక గుద్దు గుద్ది పోయేవాడు. చివరికి సామ్రాజ్యం గారు వచ్చి నన్ను విడిపించారు.

ఆవిడ ఆర్టీసీ బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ఒక్క కేకతో జనాన్నంతా వెనక్కి జరపగల మనిషి. అలాంటి ఆవిడకు పొత్తికడుపు కింద, తుంటి ఎముకల మధ్య ఏళ్ళ తరబడి నొప్పి. కూర్చుంటే సలుపు, బస్సు గుంటలో పడితే ప్రాణం పోయినంత పని. పరీక్షలన్నీ చేసి భయపడాల్సిందేమీ లేదన్నారు గానీ నొప్పి మాత్రం పోలేదు. ఇక ఉద్యోగం మానేద్దామనుకుంటున్న సమయంలో, ఫిజియోథెరపీ చేసే హసీనా మేడం ఆవిడకు అసలు సంగతి చెప్పారట. లోపలి కండరాలు బిగుసుకుపోయి ఉన్నాయి, వాటిని మెల్లమెల్లగా వదులు చేసుకోవాలి అని. నన్ను కొనమన్నదీ ఆవిడే.

ఇంట్లో మాత్రం సామ్రాజ్యం గారు "నడుం నొప్పి" అనే చెప్పారు. అసలు చోటు పేరు మొగుడి ముందు కూడా ఆవిడ నోట రాలేదు.

ఆ మొగుడు పున్నారావు గారు కరెంటు పని చేస్తారు. భార్యంటే ప్రాణం. ఫోనులో కండల వీరుల వీడియోలు చూడటమంటే అంతకంటే ప్రాణం. నన్ను చూడగానే ఆయనలో గురువు మేల్కొన్నాడు.

"చెమట పట్టకపోతే నడుం ఎట్టా గట్టిపడిద్దే? పొట్ట బిగించు! ఇంకా బిగించు!" అంటూ ఆవిణ్ణి నామీద ఎగిరించారు. బిగించడమే ఆవిడ జబ్బని పాపం ఆయనకేం తెలుసు? అడుగున ఉన్న నాకు ఆవిడ ఒళ్ళు ఇంకా బిగుసుకోవడం తెలుస్తూనే ఉంది. ఏం లాభం, బంతికి నోరు లేదు.

మర్నాడు ఆవిడ మంచం దిగలేకపోయారు. డ్యూటీకి సెలవు పెట్టారు. పున్నారావు గారు ఉత్సాహంగా వచ్చి, "నొప్పి పుట్టిందంటే పని చేస్తున్నట్టే. లే, ఇయ్యాల ఇంకాస్త గట్టిగా చేద్దాం" అని నన్ను మంచం పక్కకు దొర్లించారు.

ఆవిడ రెండు చేతులతో నన్నొక్క తోపు తోశారు. నేను గుమ్మం దాటి, వరండా దాటి, మెట్ల మీద ఎగురుకుంటూ వీధిలోకి దిగి, ఎదురుగా మంగతాయారు కర్రీ పాయింట్‌లోకి దూసుకుపోయాను. పప్పుచారు గిన్నె పల్టీ కొట్టింది. వెనకే పున్నారావు గారు లుంగీ పట్టుకుని పరుగెత్తుకొచ్చి, పప్పుచారు కారుతున్న నన్ను కావలించుకుని మా వరండా వైపు తలెత్తి చూశారు.

"నడుం నొప్పికే ఇంత కోపమేందే?"

సామ్రాజ్యం గారు గోడ పట్టుకుని వరండాలోకి వచ్చారు. "నడుం కాదయ్యా!" అన్నారు, బస్సులో కేకేసే గొంతుతోనే. "పొత్తికడుపు కింద! లోపల! ఏళ్ళబట్టి కూర్చోలేక, ఒకళ్ళకి చెప్పుకోలేక చస్తన్నా!"

వీధంతా విన్నది. పాలాయన స్కూటరు ఆపేశాడు. పున్నారావు గారు నన్ను మెల్లగా కింద పెట్టారు. ఆవిడకు అప్పటికి సిగ్గు ముంచుకొచ్చి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అంతలో మంగతాయారు నేలమీది పప్పుచారు తుడవడం ఆపి, నెమ్మదిగా తలెత్తింది.

"అక్కా, నాకూ అక్కడే."

ఆ సాయంత్రం పున్నారావు గారు భార్యతో పాటు హసీనా మేడం దగ్గరకు వెళ్ళారు. "బలం కాదండీ, వదలడం నేర్చుకోవాలి. నొప్పి పెరిగితే ఆపెయ్యాలి" అని మేడం చెప్పిందంతా బుద్ధిగా విన్నారు. అప్పటినుంచీ నా బతుకు నెమ్మదించింది. సామ్రాజ్యం గారు వెల్లకిలా పడుకుని పిక్కలు నామీద ఆనించి, పొట్ట నిండేలా ఊపిరి తీసి వదిలేవారు. తర్వాత నామీద కూర్చుని నడుము అటూ ఇటూ మెల్లగా ఊపేవారు. పున్నారావు గారు పక్కనే చాప మీద పడుకుని "వదులు... వదులు..." అని జోలపాట గొంతుతో చెబుతూ, ఆవిడకంటే ముందు తనే గురక పెట్టేవారు.

నొప్పి పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. చెప్పాపెట్టకుండా ఒక్కోరోజు చుట్టంలా వచ్చిపోతూనే ఉంటుంది. కానీ సామ్రాజ్యం గారు మళ్ళీ బస్సెక్కారు. ఉద్యోగం మానడం గురించి ఇప్పుడు ఎవరూ మాట్లాడటం లేదు.

మొన్న కొట్టు కట్టేశాక మంగతాయారు మా ఇంటికొచ్చింది. నామీద కూర్చుంది గానీ, బరువంతా కాళ్ళ మీదే ఆపుకుని, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని ఉంది.

"పొట్ట వదిలెయ్యి తాయారూ. ఇక్కడెవరు చూడొచ్చారు?" అన్నారు సామ్రాజ్యం గారు.

మంగతాయారు అరచేతులు నామీద ఆనించింది. తర్వాత కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి విడిచింది. ఇన్నేళ్ళూ తాయారు ఒక్కతే మోసిన బరువంతా మెల్లగా నామీదకు దిగింది. నేను కొంచెం అణిగి, మోశాను.