నిరాపద్ సాంత్రా కుడికాలు

కింది నుంచి చీపురు కర్రతో ఎవరో పైకప్పుకు రెండు పోట్లు పొడిచారు. నిరాపద్ సాంత్రా కుడికాలు ఆగింది.

"తెల్లారిందో లేదో ట్రాం బయల్దేరదీశాడు మహానుభావుడు!" కింది ఫ్లాటు కుంజలత మహాపాత్ర గొంతు కిటికీలోంచి పైకి పాకింది. "ఓ సాంత్రా బాబూ, ఈ వీధిలో పట్టాలు లేవు, వింటున్నారా?"

నిరాపద్ బాల్కనీలో పేము కుర్చీలో కూచుని ఉన్నాడు. ఎదురుగా సముద్రం మీద తెల్లవారుతోంది. ఎదురుగా ఉన్నంత మాత్రాన చూడాలని ఏముంది, అతను చూడ్డం లేదు. ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద గుప్పిట బిగించి ఉంది. కుడిచెయ్యి గాలిలో లేని బ్రేకును పట్టుకుని ఉంది. పొట్టి మనిషి, భుజాలు ముందుకు వంగినవాడు, ఎండకి కమిలిన మెడ. పాదాలు రెండూ ఒకలా ఉండవు. కుడి మడమ ఎడమదానికన్నా వెడల్పుగా, పనసతొక్కలా గరుకెక్కి కాయకట్టిపోయింది. కలకత్తా ట్రాముల్లో గంట చేత్తో కొట్టరు, డ్రైవరు కాలితో తొక్కుతాడు. రిక్షా అడ్డొస్తే ఠంగ్. ఆవు అడ్డొస్తే ఠంగ్ ఠంగ్. పట్టాల మీద పెళ్ళి ఊరేగింపు నిలబడిపోతే ఒంట్లో కోపమంతా ఆ కాల్లోకి దిగేది. బెల్గాఛియా నుంచి ఎస్ప్లనేడుకీ, ఎస్ప్లనేడు నుంచి బెల్గాఛియాకీ ఉద్యోగమంతా అదే పని. రిటైరైంది మనిషి. కాలికి ఆ కబురు ఎవరూ చెప్పలేదు.

నిద్రలో తొక్కుతుంది. అన్నం తింటూ తొక్కుతుంది. బెల్గాఛియా ఇంట్లో కింద మట్టే కాబట్టి ఎవరికీ పట్టలేదు. ఆ రెండు గదులూ అమ్మేసి పూరీలో చక్రతీర్థం దగ్గర ఈ ఫ్లాటు కొన్నాక కుంజలతకి పట్టింది. ఆమె పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒంటరి మనిషి, నోరు పెద్దది. మూడు తగువుల తర్వాత నిరాపద్ భార్య లతిక అతని కాలి కింద కొబ్బరిపీచు పట్టా ఒకటి పరిచింది. చప్పుడు సగం తగ్గింది, తగువు కూడా సగం తగ్గింది. ఏడాది తిరిగేసరికి ఆ పట్టా మధ్యలో పీచు అరిగిపోయి దొన్నెలా గుంటపడింది.

"వింటున్నావా, నా తువ్వాలు తీసుకో. పద," అంది లతిక, కొంగు నడుముకు బిగిస్తూ. పెళ్ళైనప్పటి నుంచి ఆమె అతన్ని పిలిచే పేరు అదే, వింటున్నావా అని.

రోజూ పొద్దున లతిక సముద్రంలో స్నానం చేస్తుంది. లావుపాటి మనిషి, మోకాళ్ళ నొప్పులు, అయినా ఇసుకలో అడుగుపెట్టగానే నడక మారిపోతుంది. మొనదేలిన వెదురు టోపీ పెట్టుకుని, యాత్రికుల చెయ్యి పట్టుకుని స్నానం చేయించే జాలరి, నూలియా కామయ్య ఎదురొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంటాడు. వాళ్ళ తాతల కాలంలో సోంపేట వైపు నుంచి వచ్చి ఈ ఒడ్డున పాతుకుపోయిన కుటుంబం అతనిది. కెరటం రాగానే "ఎగరండమ్మా!" అంటాడు. ఆమె ఎగురుతుంది, మునుగుతుంది, ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గుతుంది, చిన్నపిల్లలా కేరింతలు కొడుతుంది. నిరాపద్ తువ్వాలు భుజాన వేసుకుని, ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డున నిలబడతాడు. ఏడాది నుంచీ ఒక్కసారి కూడా నీళ్ళలో కాలు పెట్టలేదు. ఇసుకంటే అతనికి చిరాకు. తొక్కితే చప్పుడు చెయ్యదు, ఊరికే లోపలికి పోతుంది.

"బావూ, మీరేటి రోజూ ఒడ్డునే నిలబడిపోతారు? సంద్రం కరుస్తాదేటి?" కామయ్య అరిచాడు.

"నాకు పనుంది."

"ఏం పనండీ బావూ?"

అదే తెలిస్తే ఇంకేం! అతను మొహం తిప్పుకున్నాడు. ఈ ఊరికి వచ్చిన వాళ్ళంతా సెలవు మీద వచ్చినవాళ్ళు. నాలుగు రోజులు స్నానాలు చేసి, వేయించిన చేపలు తిని, కాజాలు కట్టించుకుని రైలెక్కుతారు. అతనికి మాత్రం రైలు లేదు. రేపూ ఇదే, ఎల్లుండీ ఇదే. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా గుండెల్లో ఏదో బరువు కదిలి కాల్లోకి దిగుతుంది.

అందుకే అతను ఒక పని చేశాడు. లతికకి చెప్పకుండా చేశాడు. ఈ ఫ్లాటు అమ్మకానికి పెట్టాడు. బెల్గాఛియాలో పాత కండక్టరు స్నేహితుడు తన ఇంట్లో కింది గది అద్దెకిస్తానన్నాడు. కటక్‌లో బట్టల కొట్టున్న ప్రద్యుమ్న సాహు అనే ఆయన ఇవాళ సాయంత్రం ఇల్లు చూడ్డానికి వస్తున్నాడు. ఆ వేళకి లతిక, కుంజలత కలిసి మరమరాలు తింటూ ఒడ్డున కూచుంటారు కదా, ఆమె చూడదు. బేరం కుదిరాక చెబుదాం. కుదిరాక ఎలా చెప్పాలో మాత్రం అతనికింకా తెలీదు.

ఇంటికొచ్చాక అతను కూచోలేకపోయాడు. కిటికీ ఊచలకు ఉప్పుగాలి పట్టించిన తుప్పు గీకాడు. సగంలో వదిలేసి మార్కెట్టుకెళ్ళి ఒక ఇలిష్ చేప కొన్నాడు. అది ఇంట్లో పడేసి స్టేషనుకు నడిచాడు. పూరీ స్టేషను ఆఖరు స్టేషను, పట్టాలు అక్కడితో సరి. చివర అడ్డంగా కట్టిన దిమ్మె దగ్గర నిలబడి దాన్ని చాలాసేపు చూశాడు. విచారణ కిటికీలో కుర్రవాడు అతన్ని గుర్తుపట్టి, "హౌరా బండి టైముకే ఉంది బాబూ, ఇవాళ కూడా ఎక్కరుగా?" అన్నాడు.

"చూద్దాం," అన్నాడు నిరాపద్. ఏడాదిలో మొదటిసారి ఆ జవాబిచ్చాడు.

మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మి వాన దిగింది. శ్రావణం వాన, ఒకపట్టాన వదిలేది కాదు. లతిక గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. "ఇవాళ మరమరాలు ఇంట్లోనే," అంటూ ఉల్లిపాయ తరగడానికి కూచుంది. నిరాపద్ ఫోన్ చేతిలోకి తీసుకుని బాల్కనీలోకెళ్ళాడు. సాహు ఎత్తలేదు. కాలు పట్టా మీద గబగబా ఆడింది. కాసేపటికి తలుపు గంట మోగింది.

లతికే తీసింది. తడిసి ముద్దయిన ఇద్దరు మొగుడూ పెళ్ళాలు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఇల్లు చూడ్డానికొచ్చాం అమ్మా. కటక్ నుంచి."

"అయ్యో, ఎదురింటికా? అది తాళం వేసి ఉంది నాయనా, ఓనరు భువనేశ్వర్‌లో ఉంటాడు. లోపలికి రండి ముందు, జ్వరం వస్తుంది. మాది చూడండి, అదీ అచ్చు ఇలాగే ఉంటుంది."

సాహు నిరాపద్ వైపు చూశాడు. నిరాపద్ నేలను చూశాడు. లతిక వాళ్ళకి తువ్వాలు ఇచ్చింది, టీ పెట్టింది, ఇక ఇల్లు చూపించడం మొదలెట్టింది. అమ్మేవాడెవడూ అలా చూపించడు. ఊచలు తుప్పు పడతాయని చెప్పింది, వానకి పడకగది గోడ చెమరుస్తుందని చెప్పింది. "కిందావిడ గయ్యాళి, కానీ నాకు జ్వరమొస్తే మూడు రాత్రులు మంచం పక్కన కూచుంది," అంది. బాల్కనీలోకి తీసుకెళ్ళి ఆ చినుకుల్లోనే నిలబెట్టింది. "ఇదిగో, ఇక్కడ నిలబడి చూడమ్మా. నేను పొద్దున కళ్ళు తెరిస్తే ఇది కనపడుతుంది. ఇప్పటికీ నమ్మకం కలగదు నాకు. రోజూ ఒకసారి లెక్కగా భయపడతాను, ఇది కల అయితే ఏం చెయ్యాలిరా దేవుడా అని. కొంటే ఇక్కడే కొనుక్కోండి. బతికినన్నాళ్ళు సుఖంగా బతకండి."

సాహు భార్య చిన్నది, మనసులో మాట దాచుకునే వయసు కాదు. "మరి మీకింత ఇష్టమైతే ఎందుకమ్మా అమ్ముకుంటున్నారు?" అంది.

నిరాపద్ కాలు కదల్లేదు. లతిక అతని వైపు తిరిగింది. ఆ చూపుకి అతను కళ్ళెత్తలేకపోయాడు. తర్వాత ఆమె సాహు భార్య చేతిలోంచి ఖాళీ కప్పు తీసుకుంది.

"అమ్మేది నేను కాదు తల్లీ. ఆయన కాలు."

వాళ్ళకి అర్థమైందో లేదో, ఫోన్ చేస్తామని చెప్పి గొడుగు తెరుచుకుని దిగిపోయారు. లతిక తలుపు వేసి, అక్కడే గోడకానుకుని నేలమీద కూలబడింది.

"ఎప్పటి నుంచి?"

"పోయిన నెల నుంచి."

"నాతో ఒక్క మాట అనలేదు."

"అంటే ఏడుస్తావని..."

"ఇప్పుడు నవ్వుతున్నానా?"

నిరాపద్ ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు. "నాకిక్కడ ఊపిరాడ్డం లేదు లతికా. అబద్ధం ఎందుకు? రోజూ సెలవే అయితే మనిషేం చెయ్యాలి? అక్కడ పొద్దున నేను వెళ్ళకపోతే శ్యామ్‌బజార్ మలుపులో జనం నిలబడిపోయేవాళ్ళు. ఇక్కడ నేను లేవకపోయినా కెరటం వస్తుంది."

"అక్కడ మాత్రం ఇప్పుడెవరున్నారు? ఆ దారిలో ట్రాములు లేవు. పట్టాల మీద తారు పోసేశారని నువ్వే చెప్పావు."

"తారు కింద పట్టాలున్నాయి."

లతికకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నువ్వు ఇన్నేళ్ళూ రోజూ ఊరంతా చూశావు. నేను మన ఇంటెదురు ప్రింటింగు ప్రెస్సు గోడ చూశాను. నాకున్న ఒక్క కిటికీకీ అదే ఎదురు. ఏ వానకి దాని మీద నాచు ఎంత పెరుగుతుందో చెప్పగలను నేను! పెళ్ళైన కొత్తలో ఇదే ఒడ్డు మీద కూచోబెట్టి అన్నావు, రిటైరయ్యాక మన ఇల్లు ఇక్కడే అని. నేనడగలేదు. నువ్వే అన్నావు. ఆ మాట నమ్ముకుని ఆ గోడతో కాపురం చేశాను. నేను చచ్చాక అమ్ముకో. అప్పటిదాకా ఇల్లు కదిలించావో చూడు!"

"చావు మాటలెందుకు?"

"ఇల్లమ్మే మాటెందుకు?"

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు మామూలుకన్నా గట్టిగా వినపడింది. నిరాపద్ నేలమీంచి లేవకుండానే ఫోన్ తీశాడు. వంటింట్లోకి వినపడేలా మాట్లాడాడు.

"సాహు బాబూ, శ్రమ పెట్టాను, ఏమీ అనుకోకండి. ఇల్లు అమ్మడం లేదు... అబ్బే, ధర గురించి కాదు. ఇందులో మా ఆవిడ ఉంటుంది."

గిన్నెల చప్పుడు తగ్గింది.

పొద్దుగూకే వేళకి వాన తెరిపిచ్చింది. "పద," అన్నాడు నిరాపద్. ఆమె చెప్పులేసుకుంది. తడి ఇసుక మీద జనం లేరు. కామయ్య టోపీ తీసి పడవ అంచున కూచుని బీడీ కాలుస్తున్నాడు. నీళ్ళ అంచు దాకా వెళ్ళాక నిరాపద్ పంచె పైకి మడిచాడు, చెప్పులు విడిచాడు, కెరటంలోకి రెండడుగులు వేశాడు.

"ఓలమ్మో, బావు దిగిపోనారు!" కామయ్య లేచి నిలబడ్డాడు.

నీళ్ళు చీలమండల్ని చుట్టుకుని కిందినుంచి ఇసుకను లాగేశాయి. అతను తూలాడు, లతిక చెయ్యి పట్టుకుంది. అతను కుడికాలు ఎత్తి బలంగా తొక్కాడు. నీళ్ళు ఎగిరి ఆమె మొహం మీద పడ్డాయి.

"ముసలాడివి అయ్యాక బుద్ధి వచ్చింది!" అని తిట్టింది లతిక. తిడుతూనే నవ్వేసింది. అతను మళ్ళీ తొక్కాడు. ఒడ్డున సైకిలు తోసుకుంటూ వెళ్ళే టీ అమ్మే కుర్రాడు ఆగి చూశాడు.

తిరిగి వస్తుంటే నిరాపద్ అన్నాడు, "చలికాలంలో ఒక్క వారం వెళ్ళొద్దామా కలకత్తా? ఊరికే. ఆ మలుపు చూసి వచ్చేస్తాను."

"రానూపోనూ టికెట్లు ముందే తీస్తేనే."

"తీస్తాలే. రేపు స్టేషనుకెళ్తాను."

రేపటికి పనొకటి దొరికినందుకు అతని నడక కాస్త వేగం పుంజుకుంది. ఇంటికొచ్చి పేము కుర్చీలో కూచున్నాడు. లతిక ఆవనూనెలో ఇలిష్ ముక్కలు వేయించడం మొదలెట్టింది. బాల్కనీలోంచి చప్పుడు వస్తూనే ఉంది, పట్టా మీద మెత్తగా, ఆగి ఆగి. ఒక వాయి తీసి రెండో వాయి వేసింది. నూనె చిటపటల్లో ఆ చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు.

తలుపు తట్టి కుంజలత వచ్చింది. చేతిలో చీపురు కర్ర లేదు.

"ఏంటి దీదీ, పైన సడి లేదు? ఊరెళ్ళారా అనుకున్నాను."

"ఎక్కడికెళ్తాం? బాల్కనీలోనే ఉన్నాడు, నిద్రపట్టినట్టుంది. లేపు, చేప వేడిగా ఉంది, నువ్వూ తిందువుగాని."

కుంజలత వెళ్ళింది. వెంటనే తిరిగి రాలేదు. నర్సుగా బతుకంతా గడిపిన మనిషి, ఆమెకి ఒక్కసారి చెయ్యి పట్టుకుంటే చాలు. వంటింటి గుమ్మంలోకి వచ్చి, ముందు పొయ్యి ఆపింది. తర్వాత లతిక రెండు చేతులూ పట్టుకుంది.

సముద్రపు ఒడ్డున స్వర్గద్వారం శ్మశానంలో నిరాపద్ దహనం జరిగింది. మోసినవాళ్ళలో కామయ్య ఉన్నాడు. కలకత్తా నుంచి వచ్చిన లతిక తమ్ముడు కర్మలన్నీ దగ్గరుండి జరిపించి, వెళ్ళేముందు మంచి మాటే చెప్పాడు. "ఒక్కదానివి ఇక్కడేం చేస్తావు దీదీ? ఆ సాహు ఇంకా కొంటానంటున్నాడు. అమ్మేసి మా ఇంటికొచ్చెయ్."

"సాహుకి ఆయనే చెప్పేశాడురా, అమ్మడం లేదని. ఈ ఇంటి గురించి ఆయన ఆఖరుగా చెప్పిన మాట అది. దాన్ని నేను మార్చను," అంది లతిక.

తమ్ముడు వెళ్ళిన మర్నాడు ఆమె సముద్రానికి వెళ్ళలేదు. ఇల్లు ఊడ్చింది. బాల్కనీలో కుర్చీని కదపలేదు, పట్టాను ఎత్తలేదు, వాటి చుట్టూ ఊడ్చింది. ఎదురుగా తెల్లవారుతోంది. ఇన్నాళ్ళూ ఎంతో ఇష్టపడి చూసిన నీళ్ళు ఊరికే నీళ్ళలా కనపడ్డాయి. ఇంట్లో అంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ ఎరగదు.

అప్పుడు కింది నుంచి చీపురు కర్రతో రెండు పోట్లు. కాసేపాగి, మెల్లగా మరో రెండు.

లతిక చీపురు పక్కన పెట్టింది. వెళ్ళి ఆ పేము కుర్చీలో కూచుని, కుడికాలు చెప్పులోంచి తీసి, మడమతో ఒక్కసారి గట్టిగా తొక్కింది. కింద కిటికీ రెక్క తెరుచుకున్న చప్పుడైంది. ఆమె కాలు తియ్యలేదు. పీచు పట్టాలో అతని మడమ తొలిచిన గుంట పెద్దది, ఆమె మడమ పెట్టినా చుట్టూ ఇంకా చోటు మిగిలే ఉంది.