మంచు మీద మైల

మధ్యాహ్నానికి ఎండ కాసి హాకీ ఆడే షెడ్డులో నేలంతా గడ్డకట్టించిన మంచు మెత్తబడింది. ఫిబ్రవరిలో అలాంటి ఎండని మా ఊళ్ళో ఎవరూ హర్షించరు, అందులోనూ రాత్రికి ఫైనల్ ఆట పెట్టుకుని. ఆంబ్రోస్ మల్విహిల్ కుంటుకుంటూ ఈ కొసనుంచి ఆ కొసకి పారతో నీళ్ళు తోస్తున్నాడు. తోసినచోట మళ్ళీ ఊరుతున్నాయి. చీకటి పడి చలి బిగిస్తే తప్ప ఆ మంచు గట్టిపడదు. గట్టిపడకపోతే తిట్లు తినేది అతనే.

ఆ మంచు తయారుచేసేది ఆంబ్రోస్. దానిమీద స్కేట్లు కట్టుకుని నిలబడే హక్కు మాత్రం అతనికి లేదు. ఒకప్పుడు డబ్బు పుచ్చుకుని ఆడాడు కాబట్టి.

హాకీ పెద్దమనుషుల ఆటట. కూలికి ఆడేవాడు దాన్ని చెడగొడతాడట. అలాంటివాడితో కలిసి ఒక్కసారి ఆడినా ఆ మైల అవతలివాడికీ అంటుకుంటుంది, వాణ్ని కూడా జన్మంతా ఆటనుంచి వెలేస్తారు. ఈ కట్టుబాటు పెట్టిన సంఘంలో అందరూ బ్యాంకులవాళ్ళూ, వకీళ్ళూ, మిల్లుల యజమానులూను. ఆకలంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఊరికే ఆడటం పెద్ద కష్టం కాదు. పైగా వాళ్ళు కూడా గెలిచిన కుర్రాళ్ళకి బంగారు గడియారం బహుమతిగా ఇస్తారు. మర్నాడు కొట్టువాడు ఆ గడియారాన్ని పాతిక డాలర్లకి వెనక్కి పుచ్చుకుని మళ్ళీ అద్దాల బీరువాలో పెడతాడు. అలా ఒకే గడియారం మా ఊళ్ళో నలుగురికి బహుమతి అయింది. దాన్ని కూలి అనకూడదు.

ఆంబ్రోస్ తండ్రి థాకబెరీగారి కలప కోత మిల్లులో రంపం కింద పడి చనిపోయాడు. అప్పటికి ఆంబ్రోస్‌కి పద్దెనిమిదేళ్ళు, తమ్ముడు లియోకి తొమ్మిది. మిల్లులో రోజుకి డాలరు పావలా. సరిహద్దు అవతల రాగి గనుల ఊళ్ళో హాకీ ఆడితే వారానికి ఇరవై అయిదు. ఆంబ్రోస్ రైలెక్కాడు.

అక్కడ గోలు ముందు నిలబడి కాపు కాయడం అతని పని. జట్టుకి ఏడుగురు, గంటసేపు ఆట, అలిసిపోతే మార్చేవాడుండడు. మేజోళ్ళలో పాత పత్రికలు కుక్కుకుని ఆ ఆటలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళకి ఒళ్ళు అడ్డం పెట్టేవాడు. దొరికిన బిళ్ళని కర్రతో లేపి కొడితే అది పైకప్పు దూలాల మధ్యనుంచి వెళ్ళి అవతలి గోలు దగ్గర పడేది. జనం టోపీలు ఎగరేసేవాళ్ళు. ముక్కు రెండుసార్లు విరిగింది. పళ్ళు కొన్ని పోయాయి. డబ్బు మాత్రం ప్రతి వారం ఇంటికొచ్చింది, లియో బడికి వెళ్ళాడు. ఆరో చలికాలంలో ఎవడో కర్రతో మోకాలు పగలగొట్టాడు. ఆ జట్టు యజమాని టోపీ తీసి విచారం ప్రకటించి, రైలు టిక్కెట్టు చేతిలో పెట్టాడు. అంతే, అతని ఆట అయిపోయింది.

ఇప్పుడు లియో పెద్దవాడై మా ఊరి జట్టులో, అన్నలాగే గోలు ముందు నిలబడుతున్నాడు. ఫైనల్ గెలిస్తే మిల్లు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఇస్తానని జట్టుని పోషించే థాకబెరీగారు నోరారా చెప్పారు. ఆ ఇంట్లో తల్లికీ పెద్దకొడుక్కీ ఒకటే కోరిక, లియో ఆ రంపం దగ్గరికి వెళ్ళకూడదని.

చీకటి పడేవేళకి చలి బిగిసింది. మంచు నున్నగా గడ్డకట్టడానికి ఆంబ్రోస్ చివరి విడత నీళ్ళు చల్లుతుండగా పిలుపొచ్చింది. వెనకగదిలో పొయ్యి పక్కన థాకబెరీగారూ, సంఘం తరఫున టొరంటోనుంచి వచ్చిన ప్రింగిల్‌గారూ కూర్చున్నారు. మధ్యలో బల్లమీద బైబిలు. లియో అన్నతో కలిసి ఆడుతుండగా చూశామని అవతలి జట్టువాళ్ళు ఫిర్యాదు చేశారట. అన్నదమ్ములిద్దరూ ప్రమాణం చేసి కాదనాలి. లేకపోతే లియోకి ఆట లేదు.

ఫిర్యాదు నిజమే. క్రిస్మస్ పొద్దున్న, చర్చినుంచి వచ్చాక, గడ్డకట్టిన ఏటిమీద దుంగల చాటున ఇద్దరూ ఆడారు. బిళ్ళని పైకి ఎలా లేపాలో ఆంబ్రోస్ తమ్ముడికి చూపించాడు. కుంటికాలితో ఎన్నాళ్ళకో స్కేట్లు కట్టాడు. ఆ పూట చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఈ ఊరు తిరిగొచ్చాక నీ తమ్ముడితో ఎప్పుడైనా ఆడావా?" అని అడిగారు ప్రింగిల్‌గారు.

ఆంబ్రోస్ తడి చెయ్యి చొక్కాకి తుడుచుకుని పుస్తకం మీద పెట్టాడు. ఆదివారం పూజ ఒక్కటి కూడా తప్పనివాడు.

"లేదండి. అసలు మా ఇద్దరికీ మాటల్లేవు. నావల్ల పరువు పోయిందని వాడు నా మొహం చూడ్డు."

ప్రింగిల్‌గారు సంతోషించారు. కుర్రాడు బుద్ధిమంతుడని మెచ్చుకున్నారు. ఆంబ్రోస్ గోడవారగా తలొంచుకుని నిలబడ్డాడు. అబద్ధం చెప్పినందుకు కాదు, వాళ్ళు దాన్ని అంత తేలిగ్గా నమ్మేసినందుకు అతని గుండె కలుక్కుమంది.

లియోని పిలిచారు. అప్పటికే స్కేట్లు కట్టుకుని ఉన్నాడు. మీ అన్నయ్య అంతా చెప్పాడు, మీకు మాటల్లేవట, నువ్వూ ఆ మాటే చెప్పి ఆటకి పో అన్నారు థాకబెరీగారు.

లియో అన్నవైపు చూశాడు. ఆంబ్రోస్ కళ్ళతోనే బతిమాలాడు.

"మాటల్లేవన్నాడా?" అన్నాడు లియో. పుస్తకం మీద చెయ్యి పెట్టకుండానే చెప్పాడు. "పొద్దున్న ఒక్క గిన్నెలో జావ తాగామండి. క్రిస్మస్‌కి ఏటిమీద ఆడాం. నాకు ఆటొచ్చిందంటే అన్నయ్య నేర్పాడు, అక్షరం వచ్చిందంటే అన్నయ్య పంపిన డబ్బు. ఆయన మైలయితే నేనూ మైలే."

"బాగా ఆలోచించుకో. ఆఫీసులో కుర్చీ సంగతి గుర్తుందా?" అన్నారు థాకబెరీగారు.

"గుర్తుందండి. ప్రమాణం మాత్రం చెయ్యను."

దొంగ ప్రమాణం చేసినవాడికి రేపటినుంచి షెడ్డులో పనిలేదన్నారు ప్రింగిల్‌గారు. ఇద్దరు పెద్దమనుషులూ కోట్లు తొడుక్కుని ఆట చూడ్డానికి వెళ్ళిపోయారు. లియో బదులు ఇంకెవరినో దింపుతున్నట్టు బయట కేక వేశారు.

ఆంబ్రోస్ బెంచీమీద కూలబడ్డాడు.

"ఆ కుర్చీ కోసంరా నేను దేవుడి ముందు అబద్ధమాడింది. దాన్నీ దండగ చేశావు. అమ్మకి ఏం చెప్పను?"

"నాకు తెలుసన్నయ్యా," అన్నాడు లియో. సోమవారం తను రంపం దగ్గరికే వెళ్ళాలని, అదీ వాళ్ళు రానిస్తేనేనని అతనికీ తెలుసు.

అన్న పక్కన కూర్చుని స్కేట్ల తాళ్ళు విప్పబోయాడు. తడిసి బిగుసుకున్న ముడి రాలేదు. ఆంబ్రోస్ కళ్ళు తుడుచుకుని, తమ్ముడి కాలు తన ఒళ్ళోకి తీసుకుని గోళ్ళతో ముడి లాగసాగాడు. గోడ అవతల జనం కాళ్ళు నేలకేసి కొడుతున్నారు. ఆట మొదలు పెడుతూ గంట మోగింది.

గంట వినగానే ఒళ్ళోని కాలు ఉలిక్కిపడింది. ఆంబ్రోస్ దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.