రంగం దాకా వినపడే డ్రమ్ము

పెళ్లయి ఇరవై రెండు రోజులు. లోకంలో ప్రతిదీ తన ముచ్చట కోసమే జరుగుతోందని పద్మకుమారికి అనిపిస్తున్న రోజులవి. రాయగడ పాసింజరు గంటన్నర ఆలస్యమైతే అందరూ విసుక్కున్నారు. గోవిందరావు పక్కన ఇంకో గంటన్నర కూర్చోవచ్చని ఆమె సంబరపడింది. గజపతినగరంలో దిగగానే అతను తాటిముంజలు కొనిచ్చాడు. నీళ్లు మోచేతి దాకా కారాయి. కాలేజీలో చదివిన పిల్ల ఇలా చెయ్యి నాకవచ్చునా అనుకుంటూనే నాకేసింది.

గోవిందరావు మద్రాసులో గ్రామఫోను రికార్డులు తీసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాడు. వాళ్ల స్టూడియోకి పెద్ద డ్రమ్ము కావాలి. యుద్ధం ముగిసి ఏడాది కావస్తున్నా సీమ సరుకు రావడం లేదు. వచ్చినా, తాళ్లు బిగించిన పాతకాలపు డ్రమ్ముకుండే గాంభీర్యం కొత్తవాటికి ఉండదంటాడతను. పెళ్లి బేండు నూకయ్య దగ్గర అలాంటిది ఉందని తెలిసి, సెలవు అయిపోయేలోగా బయల్దేరాడు. పద్మ తానూ వస్తానంది.

సంత వెనక వీధిలో నూకయ్య ఇల్లు. వసారాలో చెక్కపీట మీద డ్రమ్ము నిలబడి ఉంది. ఎర్రరంగు పెచ్చులూడినా దాని మీద దుమ్ము రవ్వంత లేదు. గోవిందరావు గూటంతో మెల్లగా ఒక్కటి వేశాడు. ఆ మోత చెవికంటే ముందు పద్మ కడుపులోకి దిగింది. ఆమె పకాలున నవ్వింది.

"ఏటి తల్లీ, డ్రమ్ముని సూసి నవ్వుతన్నావా, మొగుడ్ని సూసి నవ్వుతన్నావా?" అంది నూకయ్య భార్య దాలమ్మ. పద్మను కూర్చోబెట్టి, జడ సవరించి, పెరట్లో కోసిన కనకాంబరాలు తురిమింది.

"ఇది మా కొడుకు లక్ష్ముడిది బావూ," అన్నాడు నూకయ్య. "నలభై ఒకటిలో రంగం ఎల్లినాడు, మిల్లులో పనికి. ఎనకాలే యుద్దం వొచ్చి పడ్డాది."

రంగం అంటే రంగూనే. ఆ తాలూకాలో రంగానికి ఓడెక్కిన మనిషి లేని వీధి లేదు. కొందరు కొండదారుల్లో నడిచి తిరిగొచ్చారు. లక్ష్ముడు రాలేదు.

"నానొద్దనే అన్నాను అమ్మడానికి," అంది దాలమ్మ. "కానీ బావూ, మీ పలకలు రంగం కూడా ఎల్తాయా?"

"ఎక్కడ గ్రామఫోను ఉంటే అక్కడికి వెళ్తాయమ్మా."

"అదే నాకు కావాల. ఈ మోత ఇంటే మా గుంటడు పోల్చుకుంటాడు. ఇల్లు గేపకమొస్తాది."

"తప్పకుండా వింటాడు!" అంది పద్మ. ఆ క్షణాన ఆమెకు అందులో రవ్వంత అనుమానం లేదు. నూకయ్య మాత్రం తల తిప్పుకుని తాళ్లు బిగించసాగాడు.

"ఒక్క మాట," అన్నాడు కాసేపటికి. "దీన్ని నిలబెట్టే ఉంచండి. మా ఇళ్లల్లో డ్రమ్ము వాయించీవోడు పోతేనే దాన్ని బోర్లిస్తాం. పది రోజులు ముట్టం. పదకొండోనాడు లేపి ఒక్క దెబ్బ కొడతాం. వోడు బతికున్నంతకాలం ఎవులూ దాన్ని పడుకోబెట్టరు."

పద్మ ఆ మాట విన్నది. వినలేదనడానికి వీల్లేదు.

ఎద్దుబండి వచ్చింది. గోవిందరావు, నూకయ్య డ్రమ్మును ఎత్తి గడ్డి మీద నిలబెట్టి, తాడు కోసం లోపలికి వెళ్లారు. బండిలో పద్మ ఒక్కతే ఉంది. ఎద్దు మెడ విదిల్చింది. డ్రమ్ము దొర్లి ఆమె ఒళ్లోకి వచ్చింది. "అబ్బ, నువ్వూ కొత్త పెళ్లికూతురివేనా, కుదురుగా ఉండలేవు!" అని నవ్వుతూ, పసిపిల్లను పడుకోబెట్టినట్టు దాన్ని గడ్డి మీద బోర్లించింది.

గుమ్మంలో దాలమ్మ చేతిలోని మజ్జిగచెంబు కింద పడింది.

పద్మకు అప్పుడు గుర్తొచ్చింది. గాజులు చిట్లేలా డ్రమ్మును లేపబోయింది. గోవిందరావు పరుగున వచ్చాడు. కదలనిది నూకయ్య ఒక్కడే. అయిదేళ్లుగా ఎవరినీ దాని పక్కకైనా ఒరగనివ్వని మనిషి, తాడు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

దాలమ్మ డ్రమ్మును చూడలేదు. మొగుడి ముఖమే చూసింది.

"లేపవేటి?" అంది.

నూకయ్య చేతిలోని తాడు కింద పెట్టేశాడు.

"ఎన్నాళ్లయినాది నీకు తెలిసి?"

"నాలుగేళ్లు," అన్నాడు. "కూడా నడిసొచ్చినోడు సెప్పినాడు. తోవలో వాంతులు పట్టుకున్నాయట."

"నాలుగేళ్లు నువ్వొక్కడివే మోసినావా?"

అంతే అంది. ఏడుస్తున్నది పద్మే. దాలమ్మ బండి దగ్గరికొచ్చి, లేపబోతున్న గోవిందరావు చెయ్యి పట్టి ఆపింది.

"ఉండనీ బావూ. పడుకోనీ. తల్లీ, నువ్వేడవకు, కొత్త పెళ్లికూతురివి. ఎవులో ఒకలు బోర్లించాల." గోవిందరావు వైపు తిరిగి అంది, "మీ ఊర్లోనే పది రోజులుంచి, పదకొండోనాడు ఒక్కటి కొట్టండి. ఎన్ని గంటలకో ఇప్పుడే సెప్పీండి."

"పొద్దున్న పదింటికమ్మా," అన్నాడు గోవిందరావు.

"మాకు గడియారం లేదు. పదంటే రాయగడ బండి కూతేసీ ఏల. ఆ కూతింటే నానీడ కూకుంటాను."

మద్రాసులో డ్రమ్ము స్టూడియో మూల బోర్లా పడుకుంది. కొన్నది వాయించడానికా, నిద్రపుచ్చడానికా అని మేనేజరు ఎద్దేవా చేశాడు. గోవిందరావు అన్నీ పడ్డాడు. పదకొండోనాడు పద్మను వెంటబెట్టుకెళ్లి, డ్రమ్మును లేపి నిలబెట్టాడు. ఎవరూ అడగకుండానే, పాటలు రికార్డు చేసే మైనపు పలక తిప్పి దాని మీద సూది వాల్చాడు. గూటం పద్మ చేతికిచ్చాడు.

గోడ గడియారం పది చూపించగానే ఆమె కొట్టింది.

మోత గది నిండి, తగ్గి, ఆగిపోయింది. గోవిందరావు సూది ఎత్తలేదు. పలక చివరిదాకా తిరిగింది. దాని నిండా ఒక దెబ్బ, మిగిలిందంతా నిశ్శబ్దం. పదకొండింటికి పాట రికార్డింగు ఉంది. అదే మైనం చెక్కి నున్నగా చెయ్యాలి. అతను చెక్కుతుంటే పద్మ చూడలేక కిటికీ దగ్గరికి వెళ్లింది.

ఆనాడు రాయగడ బండి ఆలస్యమైతే తానెంత మురిసిపోయిందో గుర్తొచ్చింది. ఇవాళైనా అది వేళకు వచ్చిందో లేదో. రాకపోయి ఉంటే, దెబ్బ పడి ఆరిపోయిన సంగతి తెలియక, దాలమ్మ ఆ కూత కోసం ఇంకా పనిలో ఒక చెవి అటే వేసి తిరుగుతూ ఉంటుంది.