రెత్నో పెట్టిన హద్దు

సురబాయలో మా ఆఫీసు రొయ్యపిల్లల హేచరీలకు ప్రోగ్రాములు రాసేది. ట్యాంకుల్లో నీటి వేడి ఇరవై ఎనిమిదికీ ముప్పై రెండు డిగ్రీలకీ మధ్య ఉండాలి. దాటితే పిల్లలు చస్తాయి. ఒకసారి మాలో ఎవడో కోడ్‌లో 29 బదులు 92 కొట్టాడు. అదృష్టం, పరీక్షలో దొరికింది.

దాంతో మాతో పనిచేసే రెత్నో మూడు వారాలు కూర్చుని ఒక గుర్తు తయారుచేసింది. కోడ్‌లో వేడి అంకె తీసుకునే చోట ఆ గుర్తు పెట్టి హద్దులు రాస్తే చాలు, దాటిన అంకె మాలో ఎవరు రాసినా, కోడ్‌ని ప్రోగ్రాముగా మార్చే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. ప్రోగ్రామే తయారు కాదు.

రెత్నోకి నత్తి. మేనేజరు దర్మాజికి అదో వినోదం.

"సార్, ఇది మ... మనం కోడ్‌లో రాసే అంకెల్నే పడుతుంది. హేచరీలో పనివాళ్లు కొట్టే అంకె దీనికి కనపడదు. దానికి వేరే తనిఖీ రాయాలి. న... నాలుగు రోజులివ్వండి."

"న-న-నాలుగా? నువ్వు చెప్పేసరికే నాలుగు రోజులయ్యేట్టుంది!"

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నాలుగు రోజులూ ఇవ్వలేదు.

నెల తిరక్కుండా సితుబొందోలో ముర్సియా అనే ఆవిడ హేచరీలో పనివాడు 29కి బదులు 39 కొట్టాడు. యంత్రం చెప్పినట్టే చేసింది. మధ్యాహ్నానికి ఆరు ట్యాంకుల పిల్లలు తెల్లగా అడుగున పేరుకున్నాయి. ఆవిడ వాటిని సంచిలో తెచ్చి మా బల్ల మీద కుమ్మరించింది.

"హద్దు పెట్టింది ఈ పిల్లే," అన్నాడు దర్మాజి.

"నేను ము... ముందే చెప్పాను సార్."

"ఎవరైనా విన్నారా?"

ఆ రోజు అందరికన్నా దగ్గర్లో ఉన్నది నేనే. కంప్యూటర్ తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

దర్మాజి రెత్నో చేత క్షమాపణ రాయించి, నిలబెట్టి పైకి చదివించాడు. తడబడ్డప్పుడల్లా, "మళ్లీ మొదట్నుంచి," అన్నాడు. మూడోసారికి ముర్సియాయే మొహం తిప్పేసుకుంది.

"చాలు బాబూ, ఇక ఆపించు."

"మీరుండండమ్మా. మళ్లీ చదువు."

ఐదోసారికి పూర్తిచేసింది. సాయంత్రం సంచి సర్దుకుని నా కుర్చీ దగ్గర ఆగింది.

"అన్నా, ఆ గుర్తు మాత్రం తీ... తీసెయ్యకండి. అది సరిగ్గానే పనిచేస్తోంది."

మర్నాడు దర్మాజి తీసెయ్యమన్నాడు. తీసేశాను.