అప్పగించిన బండి

దేవదాసుకు పాత స్కూటర్ల పిచ్చి. పిచ్చి అంటే అలాంటిలాంటిది కాదు, పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్న రకం. జిగణిలో ఒక కంపెనీలో స్టోర్సు చూసి రిటైరయ్యాడు. సర్జాపురలో, చుట్టూ అపార్టుమెంట్లు లేవకముందే కొనుక్కున్న చిన్న ఇల్లు. కారు కోసమని కట్టిన షెడ్డులోకి కారు ఏనాడూ రాలేదు. అందులో నీలం రంగు లాంబ్రెట్టా ఉంది, దాని మీద కప్పిన మెత్తటి కాటన్ చీర ఉంది. ఆ చీర అతని భార్య సారమ్మది. పెళ్లాం చీర కొనమంటే ధర చూసే మనిషి స్కూటరుకు మాత్రం మెత్తటిదే కావాలన్నాడని, వచ్చినవాళ్లందరికీ ఆమె చెప్పి నవ్వేది. నర్సుగా లోకంలోని జబ్బులన్నీ చూసింది గానీ ఇంట్లో జబ్బుకు మాత్రం ఆమెకు మందు దొరకలేదు.

ఆదివారం పొద్దున్నే నగరంలోని పాత స్కూటర్లవాళ్లంతా లాల్‌బాగ్ పక్కన ఒక హోటలు ముందు చేరేవారు. ఇడ్లీ తినేది కొంచెం, ఒకరి బండి చుట్టూ ఒకరు తిరిగి వంగి చూసేది ఎక్కువ. ఆ లోకంలో కులం లేదు, మతం లేదు, ఒరిజినల్, డూప్లికేట్ అని రెండే జాతులు. కంపెనీ నుంచి వచ్చిన సామాను వచ్చినట్టే ఉంటే అది ఒరిజినల్. ఢిల్లీలోనో కోయంబత్తూరులోనో ఈమధ్య పోతపోసి తెచ్చింది డూప్లికేట్. ఏడాదికొకసారి జరిగే ప్రదర్శనలో అన్నిటికన్నా ఒరిజినల్ బండికి ఒక షీల్డు ఇస్తారు. దేవదాసు బండి అద్దంలా మెరిసేది గానీ దాని మీటరు, వెనక లైటు, హెడ్‌లైటు రింగు, సైలెన్సరు అన్నీ డూప్లికేటే. చూసేవాళ్లు వాటి దగ్గరికి రాగానే పెదవి విరిచి పక్క బండికి వెళ్లిపోయేవారు. అప్పుడు అతనికి సొంత బిడ్డను నల్లగా ఉందన్నంత బాధ కలిగేది.

ఒరిజినల్ సామాన్లన్నీ ఉన్న బండి నాగేంద్రది. అదే మోడలు, అదే నీలం రంగు. నాగేంద్ర వాళ్లది హిందూపురం వైపు. జిగణిలో గ్రానైటు పాలిష్ చేసే షెడ్డు ఉంది, చేతికింద మనుషులున్నారు, కారుంది. అయినా వాళ్ల నాయన షోరూము నుంచి తెచ్చిన స్కూటరునే తోలేవాడు. కాళ్ల దగ్గర రాతి ముక్కలు పెట్టుకునేవాడు, వెనక సిమెంటు బస్తా కట్టేవాడు. కడగడమన్నది వాన పని. ఆ మీటరు మీద పేరుకున్న రాతిపొడి చూసినప్పుడల్లా దేవదాసు ప్రాణం గిలగిల్లాడేది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టుంది, దేవుడు ఇచ్చేటప్పుడు ముఖం చూసి ఇస్తే బాగుండేది అనుకునేవాడు. నాగేంద్రకు బండిని చూడటం రాదు, తోలడమే వచ్చు.

అయినా ఇద్దరూ ప్రాణస్నేహితులు. అది అబద్ధం కాదు. లేపాక్షి దారిలో దేవదాసు క్లచ్ వైరు తెగిపోతే, ఎండలో తన బండి వైరు విప్పి దేవదాసు బండికి వేసి, తను క్లచ్ లేకుండానే గేర్లు తోసుకుంటూ ఇల్లు చేరినవాడు నాగేంద్ర. వారం వారం దేవదాసు ఎత్తిపొడుపులన్నీ విని నవ్వి, ఇంకో ఇడ్లీ చెప్పేవాడు.

అలాంటి నాగేంద్ర ఒక మధ్యాహ్నం తన షెడ్డులో రాతి పలకల మధ్య కూలబడ్డాడు. పక్షవాతం. ఐసీయూలో పెట్టారు, గొంతులో గొట్టం వేశారు. దేవదాసు ఆస్పత్రికి పరిగెత్తాడు. అద్దం బయట నిలబడి నిజంగానే ఏడ్చాడు. నాగేంద్ర భార్య ఆదెమ్మ కొంగుముడి విప్పి స్కూటరు తాళం తీసి అతని చేతిలో పెట్టింది.

"అన్నా, ఆయన బండి నీ కాడ పెట్టుకో. ఊరికే నిలబెడితే జామైపోతాదని ఆయన ఎప్పుడూ అంటా ఉండె."

పాత స్కూటర్లవాళ్లలో అదొక మర్యాద. మనిషి మంచాన పడితే బండిని ఇంకొకరు తీసుకెళ్లి, వారానికోసారి కిక్కు కొట్టి, ఒక చుట్టు తిప్పి, కాపాడి తిరిగి ఇస్తారు. అలా అప్పగించిన బండిలో స్క్రూ కూడా మార్చరు. మార్చాడని తెలిస్తే వాడి పక్కన ఎవరూ బండి నిలపరు.

దేవదాసు బండిని ఇంటికి తెచ్చాడు. తన బండి పక్కనే నిలిపాడు. మొదట చేసిన పని దానికి తలంటు పోయడం. రాతిపొడి పోయేకొద్దీ బండి బయటపడింది. మీటరు అద్దం తుడిస్తే లోపల కంపెనీ పేరు, సన్నటి అంకెలు, చెక్కుచెదరని ముల్లు. అతను దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు ఆస్పత్రికి వెళ్లి వచ్చి, చేతులు కడుక్కుని, స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. తన బండికి పెడితే ఎలా ఉంటుందో చూద్దామని మాత్రమే పెట్టాడు. ఒక్క ఫోటో తీసుకుని తీసేద్దామనుకున్నాడు.

తీయలేదు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఒకడు. ఆ అడిగినవాడికీ ఏదో అవసరం ఉండే ఉంటుంది. మీటరు తర్వాత వెనక లైటు వచ్చింది. తర్వాత హెడ్‌లైటు చుట్టూ ఉండే రింగు, సైలెన్సరు. వాటి స్థానంలో తన డూప్లికేట్లు నాగేంద్ర బండికి బిగించాడు. పాపం, ఖాళీగా మాత్రం ఉంచలేదు. నంది కొండ ఎక్కేటప్పుడు తన బండి ఆయాసపడి అందరికన్నా వెనకబడిందని, చివరికి నాగేంద్ర బండి ఇంజను కూడా విప్పాడు. తనది అరిగిపోయి రెండుసార్లు బోరు చేయించిన బ్లాకు. నాగేంద్రది కంపెనీ నుంచి వచ్చాక ఏ మెకానిక్కూ చెయ్యి పెట్టనిది. బ్లాకు, పిస్టను, కార్బొరేటరు ఇటువి అటు, అటువి ఇటు అయ్యాయి. సారమ్మ ఒకసారి కాఫీ తెచ్చి, ఏం చేస్తున్నారని అడిగితే, వాడి బండి సర్వీసు చేస్తున్నానన్నాడు. స్నేహితుడి కోసం ఎంత కష్టపడుతున్నాడో అని ఆమెకు ఆ రోజు భర్త మీద చాలా ప్రేమ కలిగింది.

ఆ ఏడు షీల్డు దేవదాసుకు వచ్చింది. దాన్ని హాల్లో టీవీ పైన పెట్టాడు. నాగేంద్ర అప్పటికి ఇంట్లో మంచం మీద ఉన్నాడు, మాట ముద్దముద్దగా వచ్చేది. వెళ్లి షీల్డు సంగతి చెప్తే కుడిచేత్తో అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంటికి వస్తూ దారంతా దేవదాసు తనకు తానే ఒక మాట చెప్పుకున్నాడు. వాడు ఎలాగూ ఇక బండి తోలడు. తోలనివాడి ఇంట్లో తుప్పు పట్టేకన్నా, విలువ తెలిసినవాడి దగ్గర ఉంటే సామానుకైనా పుణ్యం. ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా ఇంకోసారి చెప్పుకోవాల్సి వచ్చేది.

ఇంకో వేసవి వచ్చేసరికి ఆదెమ్మ ఫోను చేసింది. నాగేంద్ర లేచి నడుస్తున్నాడట. కర్ర పట్టుకుని వీధి చివరిదాకా పోయి వచ్చాడట. మాట కూడా తేరుకుందట. వచ్చే ఆదివారం బండి చూడటానికి వస్తాడట, ఆపినా ఆగేలా లేడట. సారమ్మ ఫోను పట్టుకునే ప్రభువుకు స్తోత్రం చెప్పి, కళ్లు తుడుచుకుంది. దేవదాసు పని దొంగకు తేలు కుట్టినట్టయింది. వాడు నడుస్తున్నాడనగానే అతనికి మొట్టమొదట గుర్తొచ్చింది మీటరు. సంతోషం కోసం లోపల ఎంత వెతుక్కున్నా భయమే చేతికి తగిలింది. ఛీ, నేనేం మనిషిని అనుకున్నాడు. అనుకున్నాక కూడా భయం తగ్గలేదు.

ఆ వారం షెడ్డు తలుపు మూసుకుని పని చేశాడు. మీటరు, వెనక లైటు, రింగు, సైలెన్సరు, ఒక్కొక్కటే విప్పి నాగేంద్ర బండికి తిరిగి బిగించాడు. బండి మరీ శుభ్రంగా ఉంటే అనుమానం వస్తుందేమోనని దాని మీద కాస్త దుమ్ము చల్లుదామా అని కూడా ఆలోచించాడు. కడిగినందుకు భయపడే దాకా వచ్చింది అతని బతుకు. బ్లాకు, పిస్టను, కార్బొరేటరు మాత్రం మార్చలేదు. తీరిక లేక కాదు. తన బండి ఇప్పుడు ఎత్తు కనిపిస్తే ఉరకలేస్తుంది, మళ్లీ అందరి వెనకా పొగ తాగుతూ పోవడానికి అతనికి మనసొప్పలేదు. లోపలున్నది ఎవరికి కనిపిస్తుంది? షీల్డు ఇచ్చే పెద్దలు కూడా బయటే కదా చూసింది.

ఆదివారం ఆదెమ్మతో ఆటో దిగి నాగేంద్ర నడిచి వచ్చాడు. సగం మనిషయ్యాడు గానీ నవ్వు మాత్రం అదే. దేవదాసు కౌగలించుకున్నాడు, వీపు మీద ఎముకలు తగిలాయి. షెడ్డులో తన బండిని చూసి నాగేంద్ర, ఇది ఇంత నీలంగా ఉండేదా అన్నాడు. మీటరు వంక చూడలేదు, లైటు వంక చూడలేదు. నేరుగా పోయి సీటు మీద కూర్చుని ఎడమచెయ్యి హ్యాండిలు మీద వేశాడు. క్లచ్చూ గేరూ రెండూ ఆ చేతిలోనే ఉంటాయి. ఆ వేళ్లు మూసుకోలేదు. మళ్లీ ప్రయత్నించాడు. ఆదెమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ క్షణంలో దేవదాసుకు నిజంగా దుఃఖం వచ్చింది, దుఃఖం అడుగున చిన్న ఊరట కూడా వచ్చింది. ఆ ఊరట సంగతి దేవుడికి, అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

నాగేంద్ర వెనక్కి జరిగి, నువ్వు తోలు, నేను వెనక కూర్చుంటా, ఒక చుట్టు తిప్పు చాలు అన్నాడు.

దేవదాసు తోలాడు. అపార్టుమెంట్ల ముందున్న ఎత్తు ఎక్కేటప్పుడు బండి గొంతు బొంగురుపోయింది, గేరు దించాల్సి వచ్చింది. అప్పటిదాకా దారిలో కనిపించిన ప్రతిదాని మీదా ఏదో ఒకటి అంటున్న నాగేంద్ర అక్కడ మాట ఆపేశాడు. కాసేపటికి భుజం మీద తట్టి, ఇంటికి పోదామన్నాడు.

షెడ్డులో దిగాక, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, దేవదాసు బండి కూడా ఒకసారి స్టార్టు చెయ్యమన్నాడు. దేవదాసు కార్బొరేటరులో చెత్త ఉందన్నాడు, పెట్రోలు లేదన్నాడు, ముందు కాఫీ తాగుదామన్నాడు. నాగేంద్ర కదలలేదు. ఇక తప్పక కిక్కు కొట్టాడు. ఒక్క కిక్కుకే అందుకుంది. షెడ్డు నిండా ఆ చప్పుడు, తడబాటు లేకుండా, నిండుగా. నాగేంద్ర కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి వాటిలో నీళ్లున్నాయి.

"ఇది కదప్పా నా బండి."

ఆదెమ్మకు అర్థం కాలేదు. నీది అదిగో ఆ పక్కది కదా అంది. మొగుడికి జబ్బు వల్ల మతి తప్పిందేమోనని బెంగగా దేవదాసు వైపు చూసింది. అతను ఆమె చూపును తప్పించుకుని ఇంజను ఆపాడు. అప్పుడింక చెప్పక తప్పలేదు. బ్లాకూ పిస్టనూ ఒక్కటే, సాయంత్రంలోగా తిరిగి వేసేస్తానన్నాడు. నాగేంద్ర ఇంకా తన వైపే చూస్తుంటే, కార్బొరేటరు కూడా అన్నాడు. తర్వాత సైలెన్సరు, రింగు, లైటు, మీటరు, అడగకుండానే అన్నీ చెప్పేశాడు. ఆ షీల్డు కూడా నీదేనని, ఇప్పుడే తెచ్చి ఇస్తానని అన్నాడు.

నాగేంద్ర కోపగించుకోలేదు. కోపగించుకుని రెండు తిట్టి ఉంటే బాగుండేది.

"సామాన్లు పోతే పోనీలేప్పా. ఒక్కటి చెప్పు. నేనింక లెయ్యనని నీకు ఎప్పుడు అనిపించె?"

తర్వాత డాక్టర్లు పెదవి విరిచారు చూడు, అప్పుడు అని చెప్పవచ్చు. అలా చెప్తే లోకం కూడా క్షమించేది. ఆ మాట దేవదాసు నాలుక చివరిదాకా వచ్చింది. కాఫీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చిన సారమ్మ అక్కడే ఆగిపోయింది.

"నువ్వు ఐసీయూలో ఉన్నప్పుడే," అన్నాడు.

నాగేంద్ర తల ఊపాడు.

"అప్పుడు నాకు కండ్లు తెరవనీకి గూడా చాత కాకుండె. ఈమె చెవిలో చెప్తా ఉండె. దేవదాసన్న బండిని రడీగా పెట్టుకోని నీకోసం కాసుకోనుండాడు, నువ్వు లేసేదే బాకీ అని. ఆ మాట పట్టుకోనే లేసినానప్పా నేను."

కర్ర ఊతంగా లేవబోయాడు. ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారింది, మనిషి పక్కకు ఒరిగాడు. దేవదాసు గబుక్కున ముందుకొచ్చి చెయ్యి అందించాడు. నాగేంద్ర ఆ చేతిని పట్టుకోకుండా కుర్చీ అంచు మీదే ఆగి, ఆదెమ్మను పిలిచాడు.